పందెం రెండో సగం

ఉస్మానియా క్యాంపస్, లేడీస్ హాస్టల్,
1994 నవంబర్ 7, సోమవారం.

నాన్నకు ఎస్తేరు వందనాలు.

ఈ రోజు మొదటి వింత పళ్ళు తోముకుంటుండగానే ఎదురైంది. నోటీసు బోర్డు మీద నా పేరు కనపడింది. మెస్సు బిల్లు కట్టనివాళ్ళలో కాదులే. "మహిళల రెండు వందల మీటర్ల పరుగు: డి. ఎస్తేరు, ఎం.ఏ. తెలుగు, మొదటి సంవత్సరం" అని ఉంది. బ్రష్షు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మెస్సులో పనిచేసే కాశమ్మ వెనకనుంచి, "ఏందమ్మా, గోడకు అతుక్కపోయినవ్? ఉప్మా గూడ గీడికే తెచ్చియ్యాల్నా?" అంది.

ఆ పేరు నేను ఇవ్వలేదు. ఇచ్చింది నా రూమ్మేట్ భార్గవి, కడప అమ్మాయి. నిలదీస్తే దాపరికం లేకుండా ఒప్పుకుంది.

"నేనే రాసిచ్చినా. మొన్న తార్నాకలో కోఠి బస్సు ఎనకాల నువ్వు పరిగెత్తింది చూస్తి గదా! ఆఫీసుకు పోయే మొగోళ్ళందరినీ దాటి ఎక్కిపోతివి. నన్ను ఆడనే ఇడిసిపెడితివి. దానికి శిక్ష అనుకో."

అమ్మ పోయినప్పటినుంచి నేను గ్రౌండులో కాలు పెట్టలేదని దానికి తెలియదు. బస్సు కోసం పరుగెత్తడం పరుగు కిందికి రాదని చెబితే నవ్వింది. "తార్నాకలో బస్సు ఎక్కడం కంటే పెద్ద పందెం యాడుంది?" అంది. రేపు ఫిజికల్ డైరెక్టర్ వెంకటేశం సార్ దగ్గరికి వెళ్ళి పేరు కొట్టేయమంటాను.

క్లాసులు బాగున్నాయి. ఇక్కడికి వచ్చాక నాకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఏ మాట విన్నా దాని అక్కచెల్లెళ్ళు ఎవరా అని వెతుకుతున్నాను. పరుగు, ఉరుకు, దౌడు. అన్నీ ఒకటేనా? నాకు కాదనిపిస్తోంది. బస్సు కోసం చేసేది ఉరుకు. గుర్రానిది దౌడు. పందెం చివర అమ్మ టవల్ పట్టుకుని ఎదురుచూస్తుంటే ఆమె దగ్గరికి వెళ్ళడం పరుగు.

బదిలీ అయి వెళ్ళిన బిట్రగుంటలో నీకు అన్నం ఎలా ఉంది? అక్కడ కూడా రైల్వేవాళ్ళు పరుగు పందేలు పెడుతున్నారా?

నీ కూతురు,
ఎస్తేరు


బిట్రగుంట,
15-11-94.

ప్రియమైన ఎస్తేరుకు, మీ నాన్న దానియేలు దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. కాశమ్మగారికి నా నమస్కారం చెప్పు. నీకు బుద్ధి చెప్పేవాళ్ళు ఒకరు ఉన్నారని నిశ్చింతగా ఉంది.

పందేలు అన్నావు కదా, లాలాగూడ రైల్వే స్పోర్ట్స్ గుర్తొచ్చాయి. ఆఫీసర్ల భార్యల నిమ్మకాయ చెంచా పందెం గుర్తుందా? ఒకావిడ నిమ్మకాయను బొటనవేలితో అదిమి పట్టుకుని నడిచేసింది. పెద్దసారు భార్య గనక ఎవరూ నోరెత్తలేదు. మీ అమ్మ ఒక్కతే పైకి అనేసింది, "వేలు తీయండమ్మా" అని! పెద్దవాళ్ళ నడక పందెంలో మా వర్క్‌షాపు రాజలింగం నడవమంటే పరుగెత్తాడు. పరుగెత్తావేంట్రా అంటే "నా నడకే గంత" అన్నాడు. ఇక స్లో సైకిల్ పందెం! అందులో చివర వచ్చినవాడిదే గెలుపు. నాకు వచ్చిన కష్టం అంతా అక్కడే. నేను చెక్కలు కొట్టి పందెం మొదలుపెట్టి ఎంతసేపు చూసినా ఎవడూ కదలడు. అతిథిగా వచ్చిన డీఎస్పీ గారు "వీళ్ళకు వినపడలేదా, మళ్ళీ కొట్టండి" అన్నారు.

ఇక్కడ కూడా రైల్వే గ్రౌండు ఉంది. మొన్న ఆదివారం పందేలు పెట్టారు. నేనే స్టార్టర్ని. బాగా జరిగాయి.

నీ పేరు సంగతి నీ ఇష్టం. కొట్టేయాలంటే కొట్టేయి, నేనేమీ అనను. కొట్టేసేముందు ఒకసారి గీత మీద నిలబడి చూడు. నిలబడినంత మాత్రాన ఎవరూ తరమరు.

చలి మొదలైంది. మీ అమ్మ అల్లిన స్వెటర్ పెట్టెలో అడుగున ఉంటుంది, తీసి వేసుకో.

మీ నాన్న


ఉస్మానియా క్యాంపస్,
1994 డిసెంబర్ 5.

నాన్నకు వందనాలు.

స్వెటర్ తీశాను. చేతులు పొట్టివయ్యాయి. అయినా వేసుకునే రాస్తున్నాను.

గీత మీద నిలబడ్డాను. పేరు కొట్టేయించడానికే వెళ్ళాను, నిజం. వెంకటేశం సార్ ఈల నోట్లోంచి తీయకుండానే, "పేరు దీస్త గని, ముందుగాల ఒక్కసారి ఉరుకు. చూసినంక తీస్త" అన్నారు. రెండు వందల మీటర్ల గీత మలుపు దగ్గర ఉంటుంది కదా, అక్కడ ఇంకో ముగ్గురి పక్కన నిలబెట్టారు. "ఆన్ యువర్ మార్క్" అన్నారు. వంగాను. "సెట్" అన్నారు. నడుం ఎత్తాను. ఈల ఊదారు.

నేను అక్కడే ఉన్నాను నాన్నా. మిగతా ముగ్గురూ వెళ్ళిపోయారు. నేను నడుం ఎత్తుకుని అలాగే ఉన్నాను. తేరుకుని లేచి, మలుపు దాటేసరికి ఇద్దరిని పట్టుకున్నాను గానీ మూడో అమ్మాయి అందలేదు. సార్ అడిగారు, "ఏమ్మా, గీత మీదనే నిద్రవోయినవా? ఉరుకుడు మంచిగున్నది. గా లేసుడే లేదు."

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. హాస్టల్‌కి వచ్చి ఆలోచిస్తే అర్థమైంది. ఇది నిద్ర కాదు. నువ్వు!

పదో తరగతి ఏడాది ఫైనల్‌లో నన్ను ఫౌల్ అని బయటికి పంపావు చూడు. చెక్కలు కలవకముందే కదిలానన్నావు. ఆ రోజునుంచి, కూతురికి అనుకూలంగా కొడుతున్నాడని ఎవరూ అనకూడదని, సెట్ అన్నాక అందరూ ఫోటోలో మనుషుల్లా బిగుసుకునేదాకా ఆగేవాడివి. "దానియేలు సెట్ అన్నంక ఒక బీడీ కాల్చుకోవచ్చు" అని రాజలింగం మామ నవ్వేవాడు కదా. ఏళ్ళ తరబడి నీ చేతికింద బయలుదేరిన కాళ్ళు ఇవి. ఇంకొకరు కొడితే వీటికి తొందరగా కొట్టినట్టుంది. నీ కోసం ఆగుతున్నాయి.

ఆ మధ్యలో ఉండే కాసేపటికి ఏ మాట వాడాలా అని చూస్తున్నాను. విరామం అంటే ఏదో ఆగిపోయినట్టుంది. ఎదురుచూపు అంటే సరిపోవడం లేదు. అమ్మ ప్రార్థనలో నిరీక్షణ అనేది చూడు, దానికి దగ్గరగా ఉంది.

ఆ ఫౌల్ రోజు నీకు గుర్తుందా? నీ క్యారేజీలో రెండు రోజులు కూర పెట్టలేదు అమ్మ. ఉత్త చారు. "చివర నిలబడి నేను చూశాను. అక్కడికి చెక్కలు కలవడం ముందు కనపడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. చెక్కలు కలిశాకే పిల్ల కదిలింది" అనేది. నువ్వేమో "అంత దూరంనుంచి నీకు చెక్కలు కనపడతాయా? నేను కనపడితే గొప్ప!" అనేవాడివి. ఏ పందెమైనా మన ఇంట్లో అన్నాల దగ్గర రెండు ముక్కలుగా జరిగేది. మలుపు దాకా నువ్వు చెప్పేవాడివి. అక్కడినుంచి అమ్మ అందుకునేది. నేను పరుగెత్తినదాన్ని అయి ఉండి కూడా, నోరు తెరుచుకుని, ఎవరు గెలుస్తారో తెలియనట్టు వినేదాన్ని.

సరే, నీ చెక్కలతో సాధన చేస్తే కాళ్ళకు బుద్ధి వస్తుందేమోనని ఆదివారం లాలాగూడ వెళ్ళాను. అలాంటివి ఎవరైనా చేసిపెడతారేమో అడుగుదామని. రాజలింగం మామ లోపలికి వెళ్ళి అటక మీదనుంచి ఒక గుడ్డమూట తెచ్చాడు. విప్పితే, నీ చెక్కలే. పాత బోగీ టేకుతో వర్క్‌షాపులో నువ్వు చేసుకున్నవి. రెండింటినీ కలిపే ఇత్తడి బందు నల్లబడింది.

"మీ నాయిన బిట్రగుంటకు పొయ్యేముందే నాకిచ్చిండు బిడ్డా. ఇగ కొట్ట, నువ్వే ఉంచుకో అన్నడు. నాకెందుకురా అన్నా ఇనలే" అన్నాడు మామ.

మరి బిట్రగుంటలో పందేలు దేనితో మొదలుపెడుతున్నావు నాన్నా?

ఎస్తేరు


బిట్రగుంట,
1-1-95.

ప్రియమైన ఎస్తేరుకు, మీ నాన్న రాయునది. నూతన సంవత్సర దీవెనలు.

క్రిస్మస్‌కి వచ్చావు, రెండు రోజులు ఉన్నావు. ఇద్దరం గుడికి వెళ్ళాం, చేపల పులుసు వండుకున్నాం. చెక్కల సంగతి నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గర "జాగ్రత్త నాన్నా" అన్నావు చూడు, అప్పుడు చెప్దామనుకున్నాను. ఈలోగా గార్డు జెండా ఊపేశాడు. ఈ ఉద్యోగంలో ఏదైనా చెప్దామనుకునేసరికి ఎవడో ఒకడు జెండా ఊపుతాడు.

దేనితోనూ కొట్టడం లేదు. ఇక్కడ నేను స్టార్టర్ని అని ఎవరికీ తెలియదు.

నువ్వు మాటల మనిషివి అయ్యావు. నాకు చేతనైనట్టు రాస్తాను, నువ్వు సరిచేసుకో. అన్నేళ్ళు పందేలు మొదలుపెట్టాను, ఒక్క పందెం కూడా చివరిదాకా చూడలేదు. నేను చూసినవి వీపులు. నీది కూడా వీపే చూశాను. జడ రెండు పక్కలకీ కొట్టుకుంటూ మలుపు తిరిగిపోయేది. నువ్వు అటు తిరిగేసరికి తర్వాతి పందెం పిల్లలు వచ్చి నా ముందు నిలబడేవాళ్ళు. నువ్వు గెలిచేటప్పుడు ముఖం ఎలా పెడతావో నాకు తెలియదు. మీ అమ్మ చెప్పేది, పళ్ళు బిగబట్టి, ఎవరినో కొట్టబోతున్నట్టు వస్తావని. నేను నమ్మేవాడిని కాదు.

ఆమె పోయాక ఆ ఏడాది రైల్వే స్పోర్ట్స్‌కి వెళ్ళాను. ఒకే ఒక్క పందెం మొదలుపెట్టాను. పిల్లలు మలుపు తిరిగారు. ఇంటికి వెళ్తే మిగతా సగం చెప్పేవాళ్ళు లేరు కదా అనిపించింది. మొదలుపెట్టింది ఎక్కడ ఆగిందో తెలియకుండా ఎన్నని మొదలుపెట్టను? ఆ పూటే రాజలింగం చేతిలో పెట్టేశాను. ఆ పూట నువ్వు కూడా గ్రౌండుకు రాలేదు.

నీ కాళ్ళ సంగతి. తప్పు నాదే అయితే విరుగుడు కూడా నేనే చెప్పాలి. చప్పుడు ఎప్పుడు వస్తుందా అని కాచుకోకు. కాచుకుంటే నా అలవాటే గుర్తొస్తుంది. నీ ముందు గీత మీద ఒక ఇసుక రేణువు ఎంచుకో, దాన్నే చూడు. చప్పుడు దాని పని అది చేస్తుంది. చెక్కలు భార్గవికి ఇచ్చి, సెట్ అన్నాక తనకు తోచినప్పుడు కొట్టమను. ఒకసారి వెంటనే, ఒకసారి ఆలస్యంగా. బందులో కొబ్బరినూనె వేయి, లేకపోతే వేలు నలుగుతుంది.

మీ నాన్న


ఉస్మానియా క్యాంపస్,
1995 జనవరి 9.

నాన్నకు వందనాలు.

నీ ఉత్తరంలో సరిచేయడానికి ఏమీ లేదు.

భార్గవికి చెక్కలు ఇవ్వడం ఎంత తప్పో నీకు తెలియదు. పొద్దున్నే నేను దుప్పట్లో ఉండగా సెట్ అని అరిచి కొడుతుంది. వరండాలో నడుస్తుంటే వెనకనుంచి కొడుతుంది. నిన్న మెస్సులో కొడితే కాశమ్మ చేతిలో సాంబారు గరిటె ఎగిరింది. "గా చెక్కలు పొయిల వెడ్త చూడు!" అని తరిమింది. భార్గవి పరుగెత్తింది, కాశమ్మ వెంటపడింది. నేను చూస్తుండగానే నీళ్ళ డ్రమ్ము దగ్గర కాశమ్మ పట్టేసుకుంది. అదీ నేను చూసిన మంచి పందెమే.

కానీ పని జరిగింది. కాళ్ళు ఆగడం మానేశాయి. శనివారం హీట్స్ జరిగాయి. నువ్వు చూడని సగం రాస్తున్నాను, అమ్మలా చెప్పలేను, అయినా రాస్తాను. మలుపు తిరిగేసరికి పక్క లేన్‌లో ఆకుపచ్చ బనియను అమ్మాయి భుజం నాకంటే ముందుంది. నేరుగా వచ్చే దారిలో ఎండ ఎదురుగా పడింది. చివర ఎవరెవరో నిలబడ్డారు, ముఖాలు కనపడలేదు, చుట్టూ ఉన్న తెల్లదనం మాత్రం కనపడింది. ఎక్కడికి వెళ్తున్నానో తెలిసినట్టే ఉంది, ఎవరి దగ్గరికో తెలియలేదు. రెండో స్థానం వచ్చింది. ఫైనల్ ఇరవై ఒకటో తేదీ, శనివారం. అందులో మొదటి ఇద్దరిని విశ్వవిద్యాలయం జట్టులోకి తీసుకుంటారు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. వెంకటేశం సార్ నీ చెక్కలు చూశారు. తిప్పి తిప్పి చూసి, ఒకసారి కొట్టి, "ఎవలు జేసిన్రమ్మా? తుపాకి లెక్క వలుకుతున్నది" అన్నారు. నీ సంగతి చెప్పాను. ఆ రోజు స్టార్టర్‌గా వచ్చే ఆయన వేరే ఊరు వెళ్తున్నారట. "మీ నాయినను రమ్మను. పోనురాను పాసు ఉంటది గదా రైల్వేల! వస్తె నాకు పెద్ద ఆసర అయితది" అన్నారు.

వస్తావా?

ఎస్తేరు


బిట్రగుంట,
14-1-95.

ఎస్తేరుకు నాన్న రాయునది.

సెలవు పెట్టాను. శుక్రవారం సాయంత్రానికి సికింద్రాబాదు చేరతాను. రాజలింగం ఇంట్లో దిగుతాను. మీ హాస్టల్‌లోకి మగవాళ్ళను రానివ్వరు కదా, అందుకని శనివారం గ్రౌండులోనే కలుద్దాం.

స్టార్టర్‌గా వస్తున్నాను. అది ముందే చెప్తున్నాను. ఊరికే నిలబడి చూడమంటే నావల్ల కాదు. మీ అమ్మ నిలబడిన వైపు వెళ్ళి నిలబడలేను. నాకు తెలిసిన చోటు ఒకటే, మలుపు దగ్గర గీత పక్కన. అక్కడినుంచి నిన్ను పంపిస్తాను. మిగతా సగం, నువ్వు పెద్ద రచయిత్రివి కదా, ఉత్తరంలో రాద్దువుగాని.

సార్ గారికి నా వందనాలు చెప్పు. నా చేతికి పని ఇచ్చారు.

మీ నాన్న


ఉస్మానియా క్యాంపస్,
1995 జనవరి 20, శుక్రవారం మధ్యాహ్నం.

నాన్నకు ఎస్తేరు వందనాలు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. సీతాఫల్‌మండి మీదుగా నడిచి వెళ్ళి రాజలింగం మామ చేతికే ఇచ్చి వస్తాను. నువ్వు బండి దిగి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక ఇస్తాడు. ఎదురుగా ఉంటే నువ్వు ఏదో ఒకటి అని తప్పించుకుంటావు, నేను సరే అనేస్తాను. కాగితానికి ఎదురు చెప్పలేవు.

రేపు పందేలన్నీ నువ్వే మొదలుపెట్టు. వంద మీటర్లు, నాలుగు వందలు, మగపిల్లలవి, అధ్యాపకుల నడక పందెం, అన్నీ. నా రెండు వందలు మాత్రం వదిలేయి.

కోపం వద్దు, విను. నువ్వు కొడితే నా కోసం మళ్ళీ ఎక్కువసేపు ఆపుతావు. ఎవరూ ఒక మాట అనకూడదని పది కాలేజీల అమ్మాయిలను నడుం ఎత్తించి నిలబెడతావు. నిన్ను నాకు తెలుసు. నేను ఇప్పుడిప్పుడే ఎవరు కొట్టినా కదలడం నేర్చుకున్నాను. అది ఒక కారణం.

రెండోది రాయడానికి చాలా మాటలు వెతికాను. ఈ మూడు నెలల్లో నేర్చుకున్నవన్నీ తిరగేశాను, ఏదీ అక్కరకు రాలేదు. చిన్నగా చెప్తాను. నేను పరుగు మానేసింది అలిసిపోయి కాదు. చివర ఎవరూ లేరని. నువ్వు మొదలుపెట్టడం మానేసింది కూడా అందుకే. ఇద్దరం ఒక్క చోటునే ఖాళీగా వదిలేసి, ఒకరు బిట్రగుంటలో, ఒకరు హాస్టల్‌లో కూర్చున్నాం. నువ్వు రేపు మళ్ళీ మలుపు దగ్గరే నిలబడితే ఆ చోటు అలాగే ఉంటుంది. నేను ఎంత బాగా రాసినా ఉత్తరంతో అది నిండదు. గెలిచినా ఓడినా నేను మళ్ళీ గీత మీదికి వస్తానో రానో ఆ చోటును బట్టే ఉంది.

అమ్మ చోటులో నిలబడమని అనడం లేదు. దాని పక్కన నిలబడు.

సార్‌తో మాట్లాడాను. మొదట తల గోక్కున్నారు. తర్వాత, "మంచిదేనమ్మా. బిడ్డ ఉరుకుతుంటె తండ్రి చెక్కలు కొడ్తె మంది ఊకుంటరా? గా ఒక్కటి నేనే కొడ్త" అన్నారు.

రేపు పొద్దున్న ఇలా చేద్దాం. ఎండ ఎక్కకముందే మామతో కలిసి గ్రౌండుకు వచ్చేయి. నీ కోసం భార్గవి ఇడ్లీ పొట్లం తెస్తుంది, కాశమ్మ కట్టి ఇస్తానంది, తినకుండా చెక్కలు ముట్టుకోకు. ముందు వంద మీటర్లవి అవుతాయి. వాటిని మొదలుపెట్టు. మా రెండు వందలకు పిలుపు రాగానే చెక్కలు సార్ చేతిలో పెట్టి, మైదానం అడ్డంగా నడిచి అటువైపు వెళ్ళు. వెనక్కి తిరిగి చూడకు, నేను గీత మీద ఉంటాను, నేనెక్కడికీ పోను. చివర సున్నం గీత దాటి రెండడుగుల అవతల నిలబడు, లేకపోతే ఆగలేక నిన్ను గుద్దేస్తాను. టవల్, గ్లూకోజ్ నీళ్ళ సీసా భార్గవి చేతిలో ఉంటాయి, అడిగి తీసుకో. నేను నిజంగా పళ్ళు బిగబడతానా, ఎవరినో కొట్టబోతున్నట్టు వస్తానా చూడు. రాత్రి మామ ఇంట్లో అన్నాల దగ్గర మలుపు దాకా నేను చెబుతాను. అక్కడినుంచి నువ్వు అందుకోవాలి.

ఇంకొక్కటి. సార్ సెట్ అన్నాక నా వైపు చూడకు, చెక్కల వైపు చూడు. అవి కలవడం ముందు కనపడుతుందో, చప్పుడు ముందు వినపడుతుందో చూడు. అంత దూరంనుంచి అమ్మకు కనపడిందో లేదో రేపు పొద్దున్న నువ్వే తేల్చాలి.

నీ కూతురు,
ఎస్తేరు